టూర్ నుంచి వచ్చి ఫోన్ ఖాళీ చేస్తున్నారా? సముద్రం ఫోటోలు ఇంటి పీసీ దగ్గర పోగొట్టుకోకండి!

అనంతపురం వాళ్లకి సముద్రం అంటే సాయంత్రం అలా వెళ్లొచ్చే చోటు కాదు. నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌కి వెళ్లినా, చెన్నై మెరీనాకి వెళ్లినా రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే. వైజాగ్ వెళ్లాలంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వర్షం పడే నేల మనది. చెరువు నిండితేనే ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగుతాం. అలాంటి ఊరి నుంచి అవ్వాతాతలతో సహా అందరం కలిసి సముద్రం చూసొచ్చామంటే, మళ్లీ అలా కుదిరేది ఎప్పుడో ఎవరికీ తెలీదు. జీవితంలో మొదటిసారి అలల్లో కాళ్లు పెట్టి అవ్వ నవ్విన వీడియోకి రీటేక్ ఉండదు.

బీచ్‌లో ఉన్నంతసేపు అందరి భయం ఒక్కటే, ఫోన్ నీళ్లలో పడుతుందేమో అని. అక్కడ జాగ్రత్తగానే ఉంటాం. అసలు రిస్క్ ఇంటికొచ్చాక మొదలవుతుంది. స్టోరేజ్ ఫుల్ అని ఫోన్ గోల పెడుతుంది. ఇంట్లో ఓ పాత పీసీ ఉంటుంది. "అన్నీ అందులోకి వేసేసి ఫోన్‌లో డిలీట్ కొట్టేయ్" అని ఇంట్లో టెక్నాలజీ తెలిసిన ఒక్కరికి, అంటే మీకే, పని అప్పజెప్తారు. ఈ ఒక్క పనిలో ఎక్కడెక్కడ ఫోటోలు పోవచ్చో, ఎందుకు పోతాయో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఛార్జ్ అవుతోంది, కానీ పీసీలో కనపడట్లేదు

కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జ్ అవుతుంది, పీసీలో మాత్రం ఏమీ రాదు. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు.

మొదటిది సెట్టింగ్. సెక్యూరిటీ కోసం ఆండ్రాయిడ్ ఫోన్లు పీసీకి పెట్టినప్పుడు మామూలుగా ఛార్జింగ్ మోడ్‌లోనే ఉంటాయి. ఫోన్ అన్‌లాక్ చేసి, నోటిఫికేషన్‌లో యూఎస్‌బీ ఆప్షన్ నొక్కి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ సెలెక్ట్ చేయాలి. ఐఫోన్ అయితే స్క్రీన్ మీద వచ్చే ట్రస్ట్ అనే ప్రశ్నకి ఓకే చెప్పాలి.

రెండోది కేబుల్. ఛార్జింగ్‌కి, డేటాకి లోపల వైర్లు వేరు. పవర్ బ్యాంక్‌తో వచ్చే చవక కేబుల్స్ కొన్నింట్లో డేటా వైర్లే ఉండవు. ఫోన్ బాక్స్‌లో వచ్చిన కేబుల్‌తో ట్రై చేయండి.

మూడోది సముద్రం! ఐపీ68 ఉంది కదా అని ఫోన్‌ని అలల్లోకి తీసుకెళ్లి ఉంటే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆ టెస్ట్ మంచినీళ్లతో చేస్తారు. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పోర్ట్‌లో ఉప్పునీళ్లు ఉండగా ఛార్జింగ్ పెడితే, ఆ కరెంటు వల్ల పిన్నులు త్వరగా తుప్పు పడతాయి. ఛార్జింగ్ పిన్నులు పనిచేస్తూ డేటా పిన్నులు మాత్రం పాడైతే సరిగ్గా ఇదే లక్షణం కనపడుతుంది. చాలా కంపెనీల వారంటీలో నీళ్ల వల్ల వచ్చే డ్యామేజ్ కవర్ కాదు కూడా.

అందుకే ఐపీ రేటింగ్ ఉన్న ఫోన్ సముద్రంలో తడిస్తే ఆఫ్ చేసి, మంచినీళ్లతో మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పోర్ట్ కిందికి ఉండేలా గాలికి ఆరబెట్టండి. పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టొద్దని యాపిల్ కూడా చెప్తోంది, చిన్న నలుసులు పోర్ట్‌లోకి వెళ్తాయి. పోర్ట్ మీద అనుమానం ఉంటే కేబుల్‌తో కుస్తీ పట్టకుండా, విండోస్ పీసీలో క్విక్ షేర్ యాప్ వేసుకుని వైఫై మీద పంపండి. టైమ్ ఎక్కువ పట్టొచ్చు, కానీ పని అవుతుంది.

కాపీ మధ్యలో ఎందుకు ఆగిపోతుంది?

ఫోన్ పీసీకి పెన్‌డ్రైవ్‌లాగా కనపడదు. పెన్‌డ్రైవ్ అయితే పీసీ నేరుగా చదువుకుంటుంది. ఫోన్‌తో ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. అంటే ఒక్కో ఫైల్‌ని ఫోన్‌ని అడిగి తీసుకుంటుంది. కెమెరా ఫోల్డర్‌లో ఐదారు వేల ఫైళ్లు ఉంటే ఆ లిస్ట్ రావడానికే నిమిషాలు పడుతుంది. మధ్యలో కేబుల్ కదిలితే కాపీ ఆగుతుంది. కాబట్టి ఎప్పుడూ కట్ వాడొద్దు, కాపీ మాత్రమే చేయండి. కట్ చేస్తే మధ్యలో ఆగినప్పుడు ఏవి ఇటు వచ్చాయో, ఏవి అటు మిగిలాయో తేలదు. మొత్తం ఒకేసారి కాకుండా 500 ఫైళ్ల చొప్పున చేస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

ఐఫోన్‌లో ఇంకో తలనొప్పి ఉంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫోటోలు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో సేవ్ అవుతున్నాయి. పీసీకి పంపేటప్పుడు వాటిని ఫోన్ అప్పటికప్పుడు జేపెగ్‌గా మారుస్తుంది. ఆ మార్చే పనిలో కనెక్షన్ తెగి ఎర్రర్ వస్తుంటుంది. సెట్టింగ్స్‌లో ఫోటోస్‌కి వెళ్లి, కింద ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ దగ్గర కీప్ ఒరిజినల్స్ పెట్టండి. పీసీలో ఆ ఫోటోలు ఓపెన్ కాకపోతే ఫైల్ పాడైందని కంగారు పడకండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హీఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్ ఫ్రీగా దొరుకుతుంది, అది వేయండి. ఓపెన్ కాని ఫైల్, చెడిపోయిన ఫైల్ రెండూ ఒకటి కాదు. ఈ తేడా తెలియక ఒరిజినల్స్ డిలీట్ చేసేవాళ్లు ఉన్నారు.

పెన్‌డ్రైవ్‌లో వేస్తుంటే చోటు ఉన్నా పెద్ద వీడియో ఎక్కట్లేదా? పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండి ఉంటుంది. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఐఫోన్‌లో 4కే 60 ఎఫ్‌పీఎస్ వీడియో నిమిషానికి సుమారు 400 ఎంబీ తీసుకుంటుంది. అంటే పది నిమిషాల వీడియోతోనే లిమిట్ అయిపోతుంది. డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేసుకోండి.

రెండింట్లో ఏది మంచిది? ఫోన్‌కి, టీవీకి కూడా పెట్టాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఇంటి పీసీకే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్. ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేసే మార్పుల్ని ముందు ఒక లాగ్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ లాగ్ చూసి డ్రైవ్ లెక్క సరిచేసుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ లాగ్ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే ఎవరిదైనా ల్యాప్‌టాప్ తెచ్చుకుని కాపీ చేయడం మేలు.

ఇంకో మాట. వెయ్యి రూపాయల లోపే 2 టీబీ పెన్‌డ్రైవ్ అని ఎక్కడైనా కనపడితే దాని జోలికి వెళ్లొద్దు. నకిలీ వాటిలో లోపల చిప్ చిన్నది, పీసీకి మాత్రం పెద్ద సైజ్ చూపించేలా మార్చి ఉంటారు. చిప్ నిండాక వేసిన ఫైళ్ల పేర్లు కనపడతాయి, లోపల డేటా ఉండదు.

క్లౌడ్ ఉంది కదా?

ఇంట్లో నాలుగు ఫోన్లలో కలిపి 40 జీబీ ఉందనుకుందాం. గూగుల్ అకౌంట్‌లో ఫ్రీగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలన్నీ ఆ 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి, మెయిల్స్‌తో కలిపి. స్పేస్ కొన్నా అప్‌లోడ్ సంగతేంటి? రోజుకి 1.5 జీబీ డేటా ప్లాన్ మీద 40 జీబీ ఎక్కాలంటే, ఇంకేమీ చూడకపోయినా 27 రోజులు పడుతుంది. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న బ్రాడ్‌బ్యాండ్ మీద దాదాపు నాలుగున్నర గంటలు. అదే యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో సెకనుకి 30 ఎంబీ వచ్చినా 22 నిమిషాల్లో అయిపోతుంది.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. గూగుల్ ఫోటోస్‌లో ఫోటో సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ రెండు చోట్లా పోతుంది. ఫోన్‌లో మాత్రమే తీయాలంటే ఫ్రీ అప్ స్పేస్ అనే ఆప్షన్ వాడాలి. అది బ్యాకప్ అయినవాటినే తీస్తుంది.

"ఫ్యామిలీ గ్రూప్‌లో ఉన్నాయి కదా" అంటారా? వాట్సాప్ ఫోటోని కంప్రెస్ చేసి పంపుతుంది. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చినా అది ఒరిజినల్ కాదు. ఫోటో తీసిన తేదీ, ప్లేస్ వివరాలు కూడా పోతాయి. పదేళ్ల తర్వాత ఫ్రేమ్ కట్టించుకుందామంటే మొహాలు మసకబారి ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

రికవరీ యాప్‌తో వెనక్కి వస్తాయా?

పాత హార్డ్ డిస్క్‌లో డిలీట్ అంటే లిస్ట్‌లోంచి పేరు కొట్టేయడమే. డేటా అక్కడే ఉంటుంది, పైన వేరేది రాసేదాకా వెనక్కి తేవచ్చు. ఫోన్ అలా కాదు. ఇప్పటి ఫోన్లలో ప్రతి ఫైల్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. డిలీట్ అయిన చోటుని స్టోరేజ్ చిప్ తర్వాత తనే శుభ్రం చేసుకుంటుంది. ఒకవేళ కొన్ని ముక్కలు మిగిలినా, తాళంచెవి లేని తాళమే. ట్రాష్‌లో ఉంటే మాత్రం వెనక్కి తేవచ్చు. ఐఫోన్‌లో 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి. ట్రాష్ కూడా ఖాళీ చేశాక యాప్‌లకి డబ్బులు కట్టడం దండగ.

మరి ఏం చేయాలి?

1. ఇంటికి రాగానే అందరి ఫోన్లు పోగేసి, ఒక్కొక్కరి పేరుతో పీసీలో ఫోల్డర్ పెట్టి కాపీ చేయండి. కట్ వద్దు.

2. ఫోన్‌లో సెలెక్ట్ చేసిన ఫైళ్ల సంఖ్య, పీసీ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సంఖ్య సరిపోయాయా చూడండి. సున్నా కేబీ ఫైళ్లు ఉన్నాయేమో సైజ్ వారీగా సార్ట్ చేసి చూడండి. పెద్ద వీడియోలు చివరిదాకా జరిపి ప్లే చేయండి.

3. రెండో కాపీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో వేయండి. పీసీ నుంచి కాపీ చేశాక సేఫ్లీ రిమూవ్ కొట్టి తీయండి. డ్రైవ్‌లోంచి కొన్ని ఫైళ్లు ఓపెన్ చేసి చూడండి.

4. మూడో కాపీ ఇంట్లో ఉండకూడదు. క్లౌడ్ కుదరకపోతే బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నకో అక్కకో ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపండి. అనంతపురం నుంచి రోజూ బస్సులు ఉన్నాయి, 40 జీబీకి ఇంతకంటే చవకైన అప్‌లోడ్ లేదు!

5. ఇవన్నీ అయ్యాకే ఫోన్‌లో డిలీట్. ట్రాష్‌ని మాత్రం నెల రోజులు ముట్టుకోకండి.

పీసీ విండోస్ 10 మీదే ఉంటే దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. ఫోటోలు దాచడానికి పనికొస్తుంది కానీ, అదొక్కటే కాపీ అయితే నమ్మొద్దు.

మొత్తం పని ఒక మధ్యాహ్నం పడుతుంది. అంతసేపూ ఫోన్ స్టోరేజ్ ఫుల్ అని అరుస్తూనే ఉంటుంది, అరవనివ్వండి. మీ ఇంట్లో ఈసారి బీచ్ ట్రిప్ ప్లాన్ అవుతుంటే వెళ్లేముందే ఒక డేటా కేబుల్, ఖాళీ డ్రైవ్ రెడీగా పెట్టుకోండి.