భాగం 7 : బొమ్మరిల్లు నమూనాకు అట్ట షింగిల్స్ – తయారీ, అమరిక

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• షింగిల్ కొలతలను 1:12 స్కేలులోకి మార్చగలుగుతారు.
• అట్ట వంకర తిరగడానికి కారణాన్ని, నివారణను వివరించగలుగుతారు.
• చూరు నుంచి శిఖరం వరకు వరసలను సరైన క్రమంలో అతికించగలుగుతారు.

7.1 పరిచయం

నిజమైన ఇంటిని మనం కింద నిలబడి చూస్తాం. బల్లమీద ఉన్న బొమ్మరింటిని మాత్రం పైనుంచి చూస్తాం. అందువల్ల చూసేవారి దృష్టి మొదట పడేది కప్పుమీదే. గోడలు, కిటికీలు ఎంత చక్కగా కుదిరినా, కప్పుమీద పలకలు లేచిపోయి ఉంటే నమూనా మొత్తం అట్టపెట్టెలా కనిపిస్తుంది. పైగా ఇందులో మొదటి వరసలో జరిగిన తప్పు చివరి వరస వరకు వెంట వస్తుంది. అతికించిన తరవాత దాన్ని సరిదిద్దడం కష్టం.

షింగిల్స్ అంటే ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేటట్లు వరసలుగా పరిచే పలచని పలకలు. ఉత్తర అమెరికాలో ఇళ్ల కప్పులకు సీడార్ చెక్క షింగిల్స్ వాడటం చాలాకాలంగా ఉంది. మన తాటాకు కప్పులోనూ, పెంకుటింటి కప్పులోనూ ఉన్న సూత్రమే ఇక్కడా ఉంది: పై వరస కింది వరసమీదికి రావాలి, నీరు జారిపోవాలి.

7.2 స్కేలు, కొలతలు

బొమ్మరిళ్లలో ఎక్కువగా వాడే స్కేలు 1:12. అంటే నిజమైన ఇంటిలోని ఒక అడుగు నమూనాలో ఒక అంగుళం అవుతుంది. వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియన్స్ రూపకల్పనలో 1921–24 మధ్య తయారై, ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా ఈ స్కేలులోనిదే.

చెక్క షింగిల్స్ 16, 18, 24 అంగుళాల పొడవుల్లో దొరుకుతాయి. 18 అంగుళాల షింగిల్‌ను తీసుకొని లెక్కిద్దాం.

• పొడవు: 18 అంగుళాలు. నమూనాలో 1.5 అంగుళాలు, అంటే 38 మి.మీ.
• బయటికి కనిపించే భాగం: 5.5 అంగుళాలు. నమూనాలో దాదాపు 12 మి.మీ.
• చూరు దాటి ముందుకు వచ్చే భాగం: 1.5 అంగుళాలు. నమూనాలో దాదాపు 3 మి.మీ.

38 మి.మీ. పలకలో 12 మి.మీ. మాత్రమే కనిపిస్తుంది కాబట్టి కప్పుమీద ప్రతిచోటా మూడు పొరలు ఉంటాయి. అసలు షింగిల్ కింది అంచున అర అంగుళం కంటే కొద్దిగా తక్కువ మందంతో ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అట్ట అలా పలచబడదు. అందుకే 1 మి.మీ. అట్ట వాడితే కప్పు మొద్దుగా కనిపిస్తుంది. 0.5 మి.మీ. దగ్గరి మందం సరిపోతుంది.

ఉదాహరణ: కప్పు ఒక వాలు 580 మి.మీ. వెడల్పు, 240 మి.మీ. ఎత్తు అనుకుందాం. 240ని 12తో భాగిస్తే 20 వరసలు. చూరు దగ్గర అదనంగా వేసే అడుగు వరసతో కలిపి 21. ఒక్కో వరసకు 297 మి.మీ. పట్టీలు రెండు కావాలి. రెండు వాలులకు 84 పట్టీలు. ఒక ఎ4 అట్టలో 38 మి.మీ. పట్టీలు ఐదు వస్తాయి కాబట్టి 17 అట్టలు అవసరం. పాడయ్యేవాటి కోసం రెండు ఎక్కువ ఉంచుకోండి.

7.3 అట్టను సిద్ధం చేయడం

అట్టలో పీచు ఎక్కువగా ఒకే దిశలో ఉంటుంది. తడి తగిలినప్పుడు అట్ట పీచుకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. ఒక పక్క తడిసి, మరో పక్క పొడిగా ఉంటే వంకర తిరుగుతుంది. నీరు కలిసిన రంగుతోనూ, తెల్ల జిగురుతోనూ ఈ ఇబ్బంది తప్పదు. నివారణ రెండు విధాలు.

మొదటిది, పీచు దిశను గుర్తించడం. అట్టను రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఏ వంపు తేలికగా వస్తుందో ఆ వంపు గీతకు సమాంతరంగా పీచు ఉంటుంది. షింగిల్ పొడవు ఆ దిశలోనే రావాలి. అప్పుడు పలక కొస పైకి లేవదు. చెక్క షింగిల్‌లోనూ పీచు నిలువుగానే ఉంటుంది.

రెండవది, కత్తిరించక ముందే అట్టకు రెండు పక్కలా పలచని పూత ఇవ్వడం. నీరు తక్కువగా కలిపిన యాక్రిలిక్ రంగు చాలు. కొండపల్లి కళాకారులు పొణికి చెక్కకు రంగు వేసే ముందు సున్నపు పూత ఇవ్వడం మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ కూడా పైరంగుకు ముందు ఆధారం సిద్ధం కావాలి.

బూడిద, గోధుమ రంగులు కలిసిన మూడు దగ్గరి ఛాయలు తయారుచేసి అట్టలకు వేరువేరుగా వేయండి. ఒకే ఛాయ వేస్తే కప్పు జీవం లేనట్లు ఉంటుంది. రాత్రంతా ఆరనిచ్చి పట్టీలుగా కోయండి. కోసిన అంచులు తెల్లగా కనిపిస్తాయి. పట్టీలను కట్టగా పేర్చి గట్టిగా పట్టుకొని, కింది అంచులన్నిటికీ ఒకేసారి పొడి కుంచెతో రంగు తాకించండి.

తరవాత ప్రతి పట్టీలో కింది అంచు నుంచి 20 మి.మీ. వరకు గాట్లు పెట్టండి. గాట్ల మధ్య దూరం 6 నుంచి 20 మి.మీ. వరకు మారుతూ ఉండాలి. నిజమైన షింగిల్స్ వెడల్పులు ఒకేలా ఉండవు. పైన కోయకుండా మిగిలిన 18 మి.మీ. భాగం పలకలను కలిపి ఉంచుతుంది.

7.4 అతికించే క్రమం

1. కప్పు చెక్కకు ముదురు రంగు వేయండి. సందుల్లో తెల్లదనం కనిపించదు.
2. చూరు నుంచి 35 మి.మీ. దూరంలో మొదటి గీత, అక్కడినుంచి ప్రతి 12 మి.మీ.కు ఒక గీత గీయండి. ఇవి పట్టీల పై అంచులకు గుర్తులు. కింది అంచులకు గీస్తే ముందు వరస వాటిని కప్పేస్తుంది.
3. అడుగు వరసను చూరు దాటి 3 మి.మీ. వచ్చేటట్లు అతికించి, దానిమీదనే మొదటి వరస వేయండి. అడుగు వరస లేకపోతే చూరు దగ్గర పలకల సందుల్లోంచి చెక్క కనిపిస్తుంది.
4. జిగురును పట్టీకి కాక, కప్పుకు పలచగా రాయండి.
5. పై వరస గాట్లు కింది వరస గాట్లకు కనీసం 3 మి.మీ. పక్కకు ఉండాలి. పట్టీల అతుకులు కూడా ఒకే గీతలో రాకుండా, ఒక వరసను పూర్తి పట్టీతో, తరవాతి వరసను సగం పట్టీతో మొదలుపెట్టండి.
6. నాలుగు వరసలకొకసారి బరువు పెట్టి ఆరనివ్వండి. స్కేలుతో వరస నేరుగా ఉందో లేదో చూడండి. ఒక్కో వరసలో అర మి.మీ. తేడా వచ్చినా ఇరవై వరసలకు 10 మి.మీ. అవుతుంది.
7. శిఖరం దాటిన అంచులను కోసి, రెండు వాలులనూ కప్పేటట్లు నడిమికి మడిచిన చిన్న పలకలను ఒకదానిమీద ఒకటి ఎక్కిస్తూ అతికించండి.

చివరగా మెరుపులేని వార్నిష్ పలచగా వేయండి. మెరిసే వార్నిష్ వెలుతురును తిప్పికొట్టి అట్టతనాన్ని బయటపెడుతుంది.

7.5 సారాంశం

మంచి కప్పుకు మూడు విషయాలు ఆధారం: కొలత, తడి, క్రమం. స్కేలు ప్రకారం పొడవును, కనిపించే భాగాన్ని నిర్ణయించాలి. పీచు దిశ చూసి, రెండు పక్కలా పూత ఇచ్చి వంకరను నివారించాలి. చూరు నుంచి పైకి, గాట్లు కలవకుండా వరసలు నడపాలి.

7.6 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 24 అంగుళాల షింగిల్ 1:12 స్కేలులో ఎన్ని మి.మీ. ఉంటుంది?
2. అట్టకు ఒక పక్క మాత్రమే రంగు వేస్తే ఏం జరుగుతుంది? ఎందుకు?
3. చూరు దగ్గర అడుగు వరస అవసరాన్ని వివరించండి.
4. 700 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. ఎత్తు గల ఒక వాలుకు ఎన్ని వరసలు కావాలో లెక్కకట్టండి.