అంగుళం చిప్పు.. నక్షత్రాల గుట్టు విప్పు

వాడరేవు (బాపట్ల జిల్లా): చేయి విరిగితే ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రే అందరికీ తెలిసినదే. అవే కిరణాలు ఆకాశం నుంచీ నిత్యం భూమి వైపు వస్తుంటాయి. కృష్ణబిలాల చుట్టూ తిరిగే, కోట్ల డిగ్రీల వేడికి చేరిన వాయువే వాటికి ప్రధాన మూలం. అయితే వాడరేవు దీపస్తంభంపైకి ఎక్కి ఎంత గొప్ప దుర్భిణితో చూసినా ఒక్క కిరణమూ చిక్కదు.

ఒంటిలోంచి దూసుకుపోయే కిరణాన్ని గాలి ఎలా ఆపుతుందన్న సందేహం సహజం. మనిషి శరీరం మందం జానెడు. నెత్తిన ఉన్న గాలి పొర మొత్తం బరువు పది మీటర్ల లోతు నీటితో సమానం. అంత మందాన్ని దాటి ఎక్స్‌రే నేలకు దిగలేదు. అందుకే 1962లో అమెరికాలో రాకెట్‌పై పరికరాన్ని పంపి, సౌర కుటుంబానికి వెలుపలి తొలి ఎక్స్‌రే మూలాన్ని కనుగొన్నారు. ఆ బృందానికి నాయకుడైన రికార్డో జియకోనికి 2002లో నోబెల్ బహుమతి దక్కింది.

మన దేశపు తొలి ఖగోళ పరిశోధక ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఇదే తీరం నుంచి నింగికెగసింది. వాడరేవుకు దక్షిణంగా నేరుగా కొలిస్తే సుమారు 230 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 దానిని మోసుకెళ్లింది. అందులోని ఒక దుర్భిణి పొడవు రెండు మీటర్లకు పైనే. బంగారు పూత పూసిన 320 పలుచని అద్దపు రేకులు కిరణాలను ఒకచోటికి చేర్చుతాయి. అవి చేరే చోట ఉన్న సిలికాన్ చిప్పు మాత్రం 2.4 సెంటీమీటర్ల చదరం. ఇంత సరంజామా ఆ చిన్న ముక్క కోసమే!

ఆ చిప్పు పనితీరును గుంటూరు మిర్చి యార్డుతో పోల్చి చెప్పవచ్చు. మామూలు కెమెరా కుప్ప మొత్తాన్ని ఒకేసారి తూచే కాటా వంటిది. ఎక్స్‌రే కెమెరా ఒక్కొక్క టిక్కీని విడిగా కాటాపై పెట్టి బరువు రాసుకుంటుంది. కంటికి కనిపించే కాంతి కణం ఒకటి సిలికాన్‌కు తగిలితే ఒక్క ఎలక్ట్రాన్ విడుదలవుతుంది. ఇనుము అణువు నుంచి వెలువడే ఎక్స్‌రే కణం ఒకటి తగిలితే సుమారు 1,750 ఎలక్ట్రాన్లు పుడతాయి. ఆ ఎలక్ట్రాన్లను లెక్కిస్తే కిరణం శక్తి ఎంతో తెలుస్తుంది. దానిని బట్టి అక్కడ ఉన్నది ఇనుమా, సిలికానా, గంధకమా అని తేల్చవచ్చు. వేల కాంతి సంవత్సరాల దూరంలోని పదార్థాన్ని ముట్టుకోకుండానే పరీక్షించడమంటే ఇదే.

చిక్కులూ ఉన్నాయి. రెండు టిక్కీలు ఒకేసారి కాటాపై పడితే బరువు తప్పుగా వస్తుంది. ఆస్ట్రోశాట్ చిప్పు సుమారు 2.4 సెకన్లకు ఒకసారి లెక్క అప్పజెబుతుంది. మరీ ప్రకాశవంతమైన నక్షత్రాల విషయంలో ఈ వేగం చాలదు. చిప్పు వేడెక్కితే కిరణం లేకున్నా ఎలక్ట్రాన్లు పుట్టుకొస్తాయి కనుక దానిని సున్నాకు దిగువన 80 డిగ్రీల వరకు చల్లబరుస్తారు. మామూలు వెలుగు లోపలికి రాకుండా పలుచని తెర అడ్డుపెడతారు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు ప్రోటాన్లది. 1999 జులైలో అమెరికా ప్రయోగించిన చంద్ర దుర్భిణి (భారత సంతతి శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే దానికి పెట్టారు) భూమి చుట్టూ ఉన్న రేణు వలయాల గుండా వెళుతుండగా, దాని అద్దాలే ప్రోటాన్లను కూడగట్టి చిప్పులపై పోశాయి. కొద్ది వారాల్లోనే కొన్ని చిప్పుల సామర్థ్యం తగ్గింది. అప్పటి నుంచి ఆ వలయాలు దాటేటప్పుడు కెమెరాను పక్కకు జరుపుతున్నారు. అంతరిక్షంలో చిప్పు మార్చే వీలు లేదు మరి! ఆస్ట్రోశాట్‌ను అందుకే 650 కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖకు కేవలం 6 డిగ్రీల వంపులో తిప్పుతున్నారు. శ్రీహరికోట భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం ఇక్కడ కలిసివచ్చింది. ఐదేళ్ల కోసం రూపొందించిన ఈ ఉపగ్రహం 2025 సెప్టెంబరుకు పదేళ్లు పూర్తిచేసుకుంది.

అదే ఉపగ్రహంలో కాడ్మియం, జింక్, టెల్లూరియం కలిపిన పలకలతో మరో కెమెరా ఉంది. నాలుగు సెంటీమీటర్ల చదరపు పలకలు 64, ఒక్కోదానిలో 256 గళ్లు. సిలికాన్‌ను దాటిపోయే బలమైన కిరణాలను ఇవి ఆపగలవు, అంత చలీ అక్కరలేదు. క్రాబ్ నిహారికలోని పల్సర్ నుంచి వచ్చే కిరణాల ధ్రువణాన్ని కొలిచిన దీని ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఎక్స్‌పోశాట్‌లో మరో రకం సిలికాన్ చిప్పులను అమర్చారు. ఇవి బొమ్మ తీయవు. కిరణం ఎక్కడ తగిలిందన్నది వదిలేసి, వచ్చిన సమయాన్ని, శక్తిని చకచకా నమోదు చేస్తాయి. చంద్రుడిపై సోడియం జాడలను పటం గీసిన చంద్రయాన్-2 పరికరంలోనూ ఇదే రకం చిప్పులు 16 ఉన్నాయి.

అయితే ఆస్ట్రోశాట్‌లోని సిలికాన్ చిప్పు బ్రిటన్‌లో తయారైనది. దాని కెమెరా రూపకల్పనలో అక్కడి లీసెస్టర్ విశ్వవిద్యాలయం ముంబయిలోని టాటా పరిశోధన సంస్థకు తోడ్పడింది. కాడ్మియం పలకలు ఇజ్రాయెల్ నుంచి వచ్చాయి. రాకెట్టు, ఉపగ్రహం, అద్దాలు మన శాస్త్రవేత్తలు చేసుకున్నవే. ఆ అంగుళం ముక్కను మాత్రం కొనుక్కోవాల్సి వచ్చింది.