లోన్ యాప్‌కి మీ కాంటాక్టులెందుకు?

2020 డిసెంబరు నాటికి తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు ప్రాణాలు తీసేదాకా వెళ్లాయి. చాలామంది తీసుకున్నవి చిన్న మొత్తాలే. కానీ యాప్ పెట్టుకునేటప్పుడు ‘అనుమతించు’ అని నొక్కగానే ఫోన్‌లోని నంబర్లన్నీ అప్పిచ్చినవాడి చేతికి చేరిపోయాయి. వాయిదా దాటితే బంధువులకీ, ఆఫీసులో పైవాళ్లకీ ఫోన్లు. పరువు తీసి చేసిన వసూళ్లవి.

2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక బృందాన్ని వేసింది. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో 80కి పైగా యాప్ స్టోర్లలో మన ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికిన లోన్ యాప్‌లు సుమారు 1,100 అని అది తేల్చింది. అందులో 600 అక్రమమైనవి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వచ్చాయి: అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోటోల జోలికి పోకూడదు. కేవైసీ కోసం కెమెరా, లొకేషన్ వంటివి ఒక్కసారికి, అదీ మన ఒప్పుదలతోనే. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్టులు, ఫోటోలు తీసుకోవడాన్ని నిషేధించింది.

అయితే పీఎం కిసాన్ పేరుతోనో, చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్‌ను నేరుగా ఎక్కించే) ఫైలుకు ఈ కట్టడులేవీ వర్తించవు. అది ప్లే స్టోర్ గడప తొక్కదు. అక్కడ కాపలా మనమే.

ఆ కాపలాకు ఫోన్ ఎంత సాయం చేస్తుందో దాని ఆండ్రాయిడ్ నంబరు చెబుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6 రాకముందు యాప్ అడిగినవన్నీ ఇస్తేనే ఇన్‌స్టాల్ అయ్యేది. 6 నుంచి దేనికదే విడిగా అడగాల్సి వచ్చింది. 10 (2019) ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ లొకేషన్ ఇచ్చే వీలు తెచ్చింది. 11 (2020) ‘ఈసారికి మాత్రమే’ అనే అవకాశమిచ్చింది. 12 (2021)లో మైకు, కెమెరా నడుస్తుంటే పైమూల పచ్చగా గుర్తు వెలుగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది 12లో వచ్చిన మరో ఏర్పాటు. ‘ఖచ్చితమైన లొకేషన్’ ఆపేస్తే యాప్‌కు దాదాపు 3 చదరపు కిలోమీటర్ల మేర అంచనా మాత్రమే అందుతుంది. దొరవారిసత్రంలో వాయుగుండం ఎటు పోతోందో చూసుకునే రైతుకు ఆ అంచనా చాలు. వాన కబురు చెప్పడానికి ఇంటి గడప తెలియాల్సిన పని లేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులను ఫోటో తీస్తే, కెమెరాకు లొకేషన్ ఇచ్చి ఉంటే తీసిన చోటు కూడా ఫోటోలో నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉండిపోతుంది. ఇంట్లో పిల్లల ఫోటోలకీ ఇదే వర్తిస్తుంది.

ఇక కాంటాక్టులు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో కాంటాక్టులు తెరవండి. టార్చిలైటు, ఆటలు, ఎప్పుడో వాడి వదిలేసిన అప్పుల యాప్ ఆ జాబితాలో ఉంటే ‘అనుమతించవద్దు’ నొక్కండి. ఇప్పటికే వెళ్లిపోయిన నంబర్లు వెనక్కి రావు గానీ, ఇకపై చేర్చే నంబర్లు వెళ్లవు.

ఫోన్‌లో ఏ యాప్ ఉండాలన్నది కొన్నవాళ్లే తేల్చుకోవాలి. ఈ మాట ప్రభుత్వానికీ వర్తిస్తుంది. 2025 నవంబరు చివర్లో కేంద్రం సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో పెట్టి అమ్మాలంది. విమర్శలు రావడంతో డిసెంబరు 3న వెనక్కి తగ్గింది. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించడానికి ఆ యాప్ నిజంగా పనికొస్తుంది. అయినా కావాలనుకున్నవాళ్లు పెట్టుకోవడమే న్యాయం.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాను సరిగా కాపాడని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. ఇచ్చినంత సులువుగా ఒప్పుదలను వెనక్కి తీసుకునే హక్కూ అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఈలోగా మోసంలో డబ్బు పోతే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.