ఏడు చేపల కథతో ఇంట్లోనే బడి: చిన్నపిల్లలతో చేయించే పనులు

బడి ఈడు రాని పిల్లలకి ఇంట్లో ఏం నేర్పాలి? పలక ఇచ్చి అక్షరాలు దిద్దించడం ఒక్కటే చదువు కాదు. అలాగని ఫోన్‌లో కథల వీడియో పెట్టి కూర్చోబెడితే కథ కదులుతుంది గానీ పిల్లాడు కదలడు. అదే కథని చేతులతో చేయించి, నోటితో చెప్పిస్తే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి మాట, లెక్క, ఆలోచన కలిసి వస్తాయి. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. మన అవ్వలు, నానీలు చెప్పిన ఏడు చేపల కథ చాలు.

ఈ కథే ఎందుకంటే..

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపు మీద, గడ్డి ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అన్నం పెట్టని అవ్వ మీద నెపం పెడతారు. అవ్వ ఏడుస్తున్న పాపని చూపిస్తుంది, పాప కుట్టిన చీమని చూపిస్తుంది. తన పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అంటుంది చీమ. ఉప్పాడ, అంతర్వేది తీరాల్లో చేపలు ఎండబెట్టడం చూసిన పిల్లలకి ఇది పరాయి కథ కాదు. ఏ పనికైనా ఒక కారణం ఉంటుందని ఆ గొలుసే నేర్పుతుంది.

ఐదు రోజుల్లో ఇలా చేయించండి

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. పాత పెళ్లి కార్డులు, కొబ్బరి ఈనెలు, ఖాళీ ఖర్జూరం డబ్బా, కాస్త చపాతీ పిండి దగ్గర పెట్టుకోండి.

మొదటి రోజు: పెళ్లి కార్డులతో ఏడు చేపలు పెద్దవాళ్లు కత్తిరించి ఇవ్వాలి, పిల్లలు రంగులేయాలి. దారం మీద ఒక్కొక్కటే తగిలిస్తూ లెక్కపెట్టించండి. ఎండినవి ఆరు, ఎండనిది ఒకటి అని విడదీయిస్తే కూడిక, తీసివేత అక్కడే మొదలవుతాయి.

రెండో రోజు: ఒకే కొలత గుడ్డ ముక్కలు రెండు తడిపి, ఒకటి ఎండలో, ఇంకోటి గడ్డి కిందో బుట్ట కిందో పెట్టించండి. గంట తర్వాత పిల్లలతోనే ముట్టుకుని చూడమనండి. చేప ఎందుకు ఎండలేదో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో రోజు: పిండితో ఆవు, పాప, చీమ చేయించండి. కాళ్లకి ఈనె ముక్కలు గుచ్చాలి. ఖర్జూరం డబ్బా పశువుల కొట్టం అవుతుంది.

నాలుగో రోజు: అన్నీ వరసగా పెట్టి కథ చెప్పించండి. తర్వాత చీమ దగ్గర మొదలుపెట్టి వెనక్కి చెప్పమనండి. తడబడితే సరిదిద్దకుండా కాసేపు ఆగండి, వాళ్లే గుర్తు తెచ్చుకుంటారు.

ఐదో రోజు: తప్పు ఎవరిదని అడగండి. చీమదా, పాపదా, అవ్వదా? ఏ జవాబు చెప్పినా ‘ఎందుకు?’ అని ఒక్క మాట అడిగితే చాలు.

రెండు భాషలూ పోకుండా

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వినే పిల్లలకి ఈ ఆట ఇంకా లాభం. చేప - మఛ్లీ, గడ్డి - ఘాస్, ఆవు - గాయ్, చీమ - చ్యూంటీ. కార్డు చేప ఒకవైపు తెలుగు ‘చ’, రెండోవైపు ఉర్దూ ‘మీమ్’ రాయండి. దాదీ ఉర్దూలో, అమ్మ తెలుగులో అదే కథ చెబితే పిల్లలు కలగాపులగం అయిపోరు. రెండు భాషల మాటలూ ఆ బొమ్మకే అతుక్కుంటాయి. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’లో తెలుగు, ఉర్దూ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి.

బొమ్మలు చేయొచ్చా?

కొన్ని ఇళ్లలో వచ్చే సందేహమే ఇది. హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారని సహీ బుఖారీ, సహీ ముస్లిం హదీసుల్లో ఉంది. దీన్ని బట్టి పిల్లల ఆటబొమ్మలకి చాలామంది ఉలమా అనుమతి చెప్పారు, ఒప్పుకోని వారూ ఉన్నారు. మనసొప్పని వాళ్లు కళ్లూ ముక్కూ లేకుండా చేయించొచ్చు. ఆటకి అదేం అడ్డు కాదు.

కథ చీమ దగ్గర ఆగింది కాబట్టి, ఖురాన్‌లో చీమ పేరుతోనే ఉన్న 27వ సూరా ‘నమ్ల్’ గురించి కూడా చెప్పొచ్చు. హజ్రత్ సులైమాన్ (అలైహి) సైన్యం వస్తోందని ఒక చీమ తోటి చీమల్ని ఇళ్లలోకి వెళ్లమని హెచ్చరిస్తుంది. ఇసుకతో చీమల పుట్ట కట్టిస్తూ ఇది చెప్పండి. ప్రవక్తలకి మాత్రం బొమ్మలు చేయకూడదు, వేషాలు కట్టించకూడదు.

చేతిపని కూడా చదువే

ఇది కొత్త మాట కాదు. 1897లో హైదరాబాద్‌లో పుట్టి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్, 1937లో వార్ధా విద్యా కమిటీకి అధ్యక్షత వహించారు. మాతృభాషలో, చేతిపనితో చదువు చెప్పాలని ఆ కమిటీ సూచించింది. ఆయనే పిల్లల కోసం ఉర్దూలో ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ కథ కూడా రాశారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ‘జాదుయీ పిటారా’ పెట్టెలోనూ 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం బొమ్మలు, ఆటలు, కథలే ఉన్నాయి.

జాగ్రత్తలు

మూడేళ్లలోపు పిల్లలకి ఖర్జూరం గింజలు, పూసలు ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. బంకమన్ను కోసం పిల్లల్ని కాలవ గట్టుకి ఒంటరిగా పంపొద్దు. ఈనె కొనలు ముందే కత్తిరించండి. చేప వంకరగా వచ్చినా పెద్దవాళ్లు మళ్లీ చేయొద్దు. అది వాళ్లు చేసిన చేప, రేపు కథ చెప్పేది కూడా వాళ్లే.