నీటివిమానము – ప్రళయకావేరి



నీటిపైనుండి యెగిరి నీటిపైననే దిగు విమానములను గూర్చి మన రాష్ట్రమున 2024 నుండి విశేషముగా వినవచ్చుచున్నది. ఆ యేడు నవంబరు 9వ తేదీన విజయవాడలో కృష్ణానదిపై పున్నమి ఘాటునుండి శ్రీశైలమునకు నట్టి విమాన మొకటి ప్రయోగార్థము నడుపబడినది. ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు అందు ప్రయాణము చేసిరి. అంతకుముందు ఆగస్టు మాసమున కేంద్ర విమానయాన మంత్రియు, మన శ్రీకాకుళమువారునగు కింజరాపు రామ్మోహననాయుడుగారు ఇట్టి విమానములకు మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. ఇక నీరున్న ప్రతిచోటను ‘మనకును ఒకటి రాదా?’ యని యడుగువారును, ‘వచ్చిన మన నీరేమగును?’ అని యడుగువారును బయలుదేరుట సహజము. నెల్లూరు తీరమున నీ ప్రశ్నకు మొదట గుర్తునకు వచ్చునది పులికాట్ సరస్సు, అనగా మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన నీరు. ఆ సరస్సును ఎదుట నుంచుకొని ఉభయపక్షముల వాదములను తూచిచూచుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

నీటివిమానమనగా నేమి? సాధారణ విమానమునకు చక్రములుండు స్థానమున దీనికి రెండు పొడవైన దోనెలవంటి తేలుడు సాధనములుండును. వానిపై విమానము నీటిని చీల్చుకొనుచు పరుగిడి, తగిన వేగము వచ్చినంతనే పైకి లేచును. విజయవాడకు వచ్చినది కెనడా దేశపు డీహావిలాండ్ సంస్థవారి ట్విన్ ఆటర్ అను రకము. దాని రెక్కల వెడల్పు 65 అడుగులు. అందు 19 మంది వరకు కూర్చుండవచ్చును. ఈ విద్య క్రొత్తదియు గాదు. 1930ల చివర ఇంపీరియల్ ఎయిర్వేస్ వారి పడవవిమానములు కరాచీ మీదుగా వచ్చి గ్వాలియరు చెంత చెరువునను, అలహాబాదున యమునపైనను, కలకత్తాలో హుగ్లీపైనను దిగుచుండెడివి. రెండవ ప్రపంచయుద్ధకాలమున చెన్నపట్టణమునకు చేరువనున్న రెడ్‌హిల్స్ చెరువు బ్రిటిషు వైమానికదళపు పడవవిమానములకు స్థావరమై యుండెను.

అనుకూలుర మాటలో నిజము లేకపోలేదు. నేలపై విమానాశ్రయము కట్టవలెనన్న వందల యెకరములు కావలయును. దగదర్తి విమానాశ్రయమునకై భూసేకరణ మాట యెన్ని యేండ్లు నడచినదో మీరెరుగుదురు. నీటివిమానమునకు రైతు పొలము పోనక్కరలేదు. ఒడ్డున చిన్న కట్టడము, నీటిలో తేలెడు వేదిక, దిగుటకొక నీటిబాట యుండిన చాలును. మాల్దీవులలో యాత్రికులు ద్వీపమునుండి ద్వీపమునకు వీనిపైననే పోవుచుందురు. యాత్రికులు వచ్చినచోట పడవవానికిని, పూటకూళ్ళవానికిని, బండివానికిని నాలుగు రూకలు దొరకును. ఇవి త్రోసిపుచ్చదగిన మాటలు గావు.

అయినను ఈ వాదమునందు ఒక ఊహ దాగియున్నది. నీరు ఎవరికిని చెందని ఖాళీ స్థలమను ఊహ యది. భూమికి పట్టా కలదు. దానిని తీసికొనవలెనన్న నోటీసు ఇయ్యవలెను, 2013 నాటి భూసేకరణ చట్టము ననుసరించి జనుల మాట వినవలెను. నీటికి పట్టా లేదు. కాబట్టి దానిపై బ్రతుకువాని ఇంటికి నోటీసు రాదు. ఆక్షేపణల కన్నింటికిని మూలమిదియే యని నా తలంపు. ప్రళయకావేరిని ఒక్కమారు పరిశీలించిన ఆ నీరెంత నిండియున్నదో తెలియగలదు.

మొదట లోతు సంగతి. చిలకా తరువాత మన దేశమున ఉప్పుకలిసిన నీటి సరస్సులలో పెద్దది ఇదియే. విశాలమేగాని లోతు స్వల్పము. సగటున మూడడుగులకు మించదు. వేసవిలో ఉత్తరపు భాగము చాలవరకు ఎండి ఉప్పునేలయై కనబడును. నీటివిమానము దిగుటకు రమారమి ఆరడుగుల నీరు కావలయును. కావున నిచ్చట దింపవలెనన్న నడుమ నేలను త్రవ్వవలసి యుండును. ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. పూడిపోయిన సముద్ర ముఖద్వారములను త్రవ్వుడని జాలరులు చిరకాలముగా కోరుచున్నారు. అది సముద్రపు నీటిని, దానితో చేపను, రొయ్యను లోనికి తెచ్చును. విమానపు బాటకై సరస్సు అడుగును త్రవ్వుట వేరు. అది రొయ్యపిల్ల పెరుగు నేలను, పక్షి మేయు బురదను కదల్చును. ఒక పనిని చూపి వేరొక పనికి సమ్మతి నడిగినచో, పెద్దలు ఈ రెంటిని వేరుచేసి చూడవలెను.

రెండవది పక్షుల సంగతి. శీతకాలమున ఫ్లెమింగోలు వేలసంఖ్యలో వచ్చి, ఆ లోతులేని నీటిలో నిలువబడి తల క్రిందుచేసి సూక్ష్మజీవులను వడగట్టి తినును. నేలపట్టులో గుడ్లుపెట్టు గూడబాతులు సుమారు 20 కిలోమీటర్లు ఎగిరివచ్చి ఈ సరస్సులోని చేపలను తీసికొనిపోయి పిల్లలకు పెట్టును. గూడబాతు నాలుగైదు కిలోల బరువుగల పక్షి. అట్టిది విమానపు రెక్కకు తగిలినచో పక్షికి చావు, ప్రయాణికులకు ప్రాణభయము. దీనికి ప్రత్యుత్తరముగా కొందరు ‘శ్రీహరికోటనుండి రాకెట్లు లేచుచుండగా పక్షులు రాక మానలేదుగదా!’ యందురు. చక్కని ప్రశ్నయే. అయితే రాకెట్టు ఏడాదికి కొన్ని మారులు మాత్రమే లేచును. లేచినది మింటికి పోవును, సరస్సు నీటిని తాకదు. నీటివిమానమో, పక్షి మేయుచున్న నీటిపైననే దినమునకు పలుమార్లు దిగి లేచును. బెదరి యెగిరిన ప్రతిమారును పక్షి మేతను పోగొట్టుకొని బలమును వ్యయపరచుకొనును. 2025 జనవరిలో సూళ్ళూరుపేటయందు జరిగిన పక్షుల పండుగకు జనము వచ్చినది ఈ పక్షులను జూచుటకే. వానిని తరిమి యాత్రికులను పిలుచుట కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయే.

మూడవది జాలరుల సంగతి. సరస్సు దక్షిణాన పళవేర్కాడు ప్రాంతమున ‘పాడు’ అను కట్టుబాటు తరతరములుగా నున్నది. ఏ దినమున ఏ చోట ఎవరు వల కట్టవలెనో వంతులవారిగా నిర్ణయించుకొందురు. కాగితముపై పట్టా లేకున్నను నీటికి హద్దులును హక్కులును కలవనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? విమానము దిగుబాటలో వలయు, కొయ్యయు, పడవయు నుండరాదు. అనగా ఆ మేరకు వారి వంతు పోవును.

ఇతర ప్రాంతముల అనుభవము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. కేరళమున 2013 జూను 2వ తేదీన కొల్లము వద్ద అష్టముడి సరస్సునుండి నీటివిమానమును ప్రారంభించిరి. అది ఆలప్పుళ వద్ద పున్నమడ సరస్సున దిగవలసియుండగా జాలరులు పడవలతో అడ్డుపడిరి. విమానము అచ్చట దిగలేకపోయినది. 2024 నవంబరు 11న కొచ్చినుండి మాట్టుపెట్టి జలాశయమునకు మరల ప్రయోగము చేయగా, అచ్చటికి ఏనుగులు నీటికి వచ్చునని అటవీశాఖ ఆక్షేపణ తెలిపినది. గుజరాతున 2020 అక్టోబరు 31న సబర్మతినుండి కేవడియాకు సర్వీసు ప్రారంభమైనది. దానికై అంతకుముందే సర్దార్ సరోవరమున నొక మడుగునుండి మొసళ్ళను పట్టి వేరొకచోటికి తరలించిరి. ఆ సర్వీసు 2021 ఏప్రిలులో నిలిచిపోయినది. ఆరుమాసములైనను నడువని ప్రయాణమునకై ఆ నీటిలోని జంతువులు నివాసము మారవలసి వచ్చినది. ముందు జనులను, జీవములను విచారింపక చేసిన పని యాత్రికులకును చిరకాలము ఉపకరింపలేదు.

ఇక చట్టము. మన సరస్సు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అట్టిచోట జీవుల నివాసమును మార్చు పని యేదియు అనుమతి లేక చేయరాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటనలో విమానాశ్రయములు పేర్కొనబడినవిగాని నీటి విమానాశ్రయమను మాట లేదు. అయినను నేలపై విమానాశ్రయమువలన కలుగునట్టి ప్రభావమే దీనివలనను కలుగవచ్చునని కేంద్ర పర్యావరణశాఖ నిపుణుల సంఘము అభిప్రాయపడినది. కావున ‘ఇది చట్టములో లేదు, విచారణ యక్కరలేదు’ అను మాటకు లొంగిపోనక్కరలేదు.

అయినచో నీటివిమానము మన తీరమునకు వలదా? నేనట్లనను. చోటు నెంచుకొనుటయందే వివేకమున్నది. సోమశిల జలాశయము 78 టీఎంసీల నీటిని, కండలేరు 68 టీఎంసీల నీటిని పట్టును. లోతు విషయమున అవి ప్రళయకావేరికంటె తగినవి. కాని కండలేరు నీరు చెన్నపట్టణమునకు త్రాగునీరుగా పోవును. కనుక అచ్చట ఇంధనపు చుక్క నీట పడకుండ నేమి యేర్పాటు చేయుదురను ప్రశ్న ముందు రావలెను. ప్రతి నీటికిని దాని ప్రశ్న కలదు.

ఇట్టి ప్రతిపాదన ఏ గ్రామమునకు వచ్చినను పెద్దలు సభలో అయిదు ప్రశ్నలు వేయవలెనని నా మనవి. నీటి అడుగును త్రవ్వుదురా, త్రవ్వినచో ఎంత? పక్షులు వచ్చు మాసములలో విమానమును నిలుపుదురా? దిగుబాటకై పోవు వలచోట్లకు ఎవరికి, ఎంత పరిహారము? ఇంధనమును ఎచ్చట నిలువచేయుదురు? సర్వీసు నిలిచిపోయినచో, మార్చిన నీటిని యథాస్థితికి తెచ్చు ఖర్చు ఎవరిది? వీనికి వ్రాతమూలకముగా జవాబు వచ్చువరకు ఔననియు కాదనియు చెప్పవలదు. ఆ సభకు పట్టాదారుతోపాటు వలవానిని కూడ పిలువుడు. అతని కాపురపు లెక్క ఏ రిజిస్టరులోను లేదు. దానిని పలుకవలసినది మీ నోటనే.