అనంతపురం నుంచి సర్ఫింగ్‌కి ఎప్పుడు బయల్దేరాలి?

టైటిల్ చూసి నవ్వుకున్నారా? పర్లేదు, మా హాస్టల్‌లో అందరూ నవ్వారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గొప్ప అనుకునే ఊరు మనది. ఎటు పోయినా సముద్రానికి దగ్గర దగ్గర నాలుగు వందల కిలోమీటర్లు. అయినా నేనూ, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం చేసే మా అన్నా రెండుసార్లు ప్లాన్ వేసి ఫెయిలై, మూడోసారి పోయొచ్చాం.

మొదటిసారి 2024 నవంబర్. అన్న షిఫ్ట్ రోస్టర్ నెల ముందే వస్తుంది, లీవ్ కూడా అప్పుడే అడగాలి. నాకు మిడ్స్ అయిపోయుంటాయి. ఇద్దరికీ కుదిరిన వీకెండ్ చూసి చెన్నై కింద ఉన్న కోవళంకి (కేరళ కోవళం కాదు) బస్ టికెట్లు తీశాం. నవంబర్ 30, శనివారం. సరిగ్గా ఆ రాత్రే ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. చెన్నైలో ఎయిర్‌పోర్టే మూసేశారు. మా ఇద్దరి క్యాలెండర్లూ చూసుకున్నాం కానీ సముద్రానికీ ఒక క్యాలెండర్ ఉంటుందని ఆలోచించలేదు.

ఆ క్యాలెండర్ అర్థం కావాలంటే అల ఎక్కడ పుడుతుందో తెలియాలి. బీచ్‌లో కనిపించే అల బీచ్ దగ్గర పుట్టింది కాదు. మంచి అలలు చాలావరకు అంటార్కిటికా వైపు, దక్షిణ సముద్రంలో లేచే తుఫానుల్లో పుడతాయి. అక్కడి గాలి నీళ్లను రేపుతుంది. ఆ కదలిక గాలిని వదిలేసి, సాఫీగా సర్దుకుని, వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. దీన్నే స్వెల్ అంటారు. రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు గ్యాప్ ఉంటే అది పీరియడ్. పీరియడ్‌ని 1.56తో గుణిస్తే లోతైన సముద్రంలో అల వేగం సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. కానీ అలల గుంపు అందులో సగం వేగంతోనే కదులుతుంది. 16 సెకన్ల స్వెల్ అంటే గంటకు 45 కిలోమీటర్లు. మన పల్లెవెలుగు బస్సు స్పీడే! ఏడు వేల కిలోమీటర్ల దూరం నుంచి చెన్నైకి రావడానికి ఆరు రోజులు దాటుతుంది. అందుకే వారం ముందు ఫోర్‌కాస్ట్ చెప్పగలుగుతారు. నెల ముందు చెప్పలేరు, ఎందుకంటే అప్పటికి ఆ తుఫానే పుట్టి ఉండదు.

ఇక సీజన్. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. జూన్ నుంచి నైరుతి గాలి మొదలవుతుంది కదా. అది అరేబియా సముద్రాన్ని చిలికేస్తుంది కాబట్టి మంగళూరు పక్కన మూల్కిలో ఆ నెలల్లో నేర్చుకునేవాళ్లు నీళ్లలోకి దిగలేరు. అక్కడ సెప్టెంబర్ తర్వాతే మంచిది. అదే గాలి పడమటి కనుమల్లో తన వాన దించేసి, పొడిగా మన మీద నుంచి పోతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పుతుంది, మనకు చినుకు మాత్రం ఇవ్వదు. ఇంకా తూర్పుకు పోయి కోవళం, మహాబలిపురం దగ్గర నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఎదురుగాలి తగిలితే అల వెంటనే విరిగిపోకుండా, నున్నగా నిలబడి విరుగుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి పొద్దున్నే దిగాలి. అంటే మనల్ని ఎండబెట్టిన గాలే అక్కడ అలల్ని దువ్వుతోంది. 2025లో ఏషియన్ సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ మహాబలిపురంలో ఆగస్టులోనే జరిగాయి. రమేష్ బుదిహాల్‌కి కాంస్యం వచ్చింది కూడా అప్పుడే. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఆ తీరంలో ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు. మేము ఎంచుకున్నది ఆ నెలల్నే!

(వైజాగ్ రుషికొండ ఎందుకు కాదంటారా? ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, కానీ రైల్లోనే వీకెండ్ అయిపోతుంది.)

సరే, సీజన్ జూన్ నుంచి సెప్టెంబర్. కానీ ఏ వీకెండ్? లీవ్ నెల ముందు అడగాలి, అల వారం ముందే తెలుస్తుంది. ఈ ముడి విప్పింది మా నాయన. ఆయనకు సర్ఫింగ్ అంటే ఏమో తెలియదు. "చెనక్కాయ విత్తేదానికి తేదీ పెట్టుకుంటామా రా? విత్తనాలు ఒలిచి పెట్టుకుంటాం, పదును కోసం చూస్తాం" అన్నాడు. అదే చేశాం. అన్న ఒకే వీకెండ్‌కి లీవ్ అడగకుండా, జులై, ఆగస్టుల్లో మూడు శనివారాలు షిఫ్ట్ మార్చుకోవడానికి ఇద్దరు కొలీగ్స్‌తో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగొచ్చే టికెట్లే తీశాం. ప్రతి బుధవారం రాత్రి ఫోర్‌కాస్ట్ చూసి పోవాలా వద్దా తేల్చాలి. పారిస్ ఒలింపిక్స్‌లో కూడా తాహితీలో సర్ఫింగ్‌కి ఒక తేదీ పెట్టలేదు. కొన్ని రోజుల గడువు పెట్టుకుని, అల బాగున్నప్పుడే పోటీ జరిపారు.

జులైలో ఒక బుధవారం అంతా బాగుంది. గురువారం రాత్రి ఊర్లో వాన పడింది. పదును. శుక్రవారం సాయంత్రం కోవళం బస్సు కాకుండా ఊరి బస్సు ఎక్కాను. ఇది రెండో ఫెయిల్యూర్. దీనికి మాత్రం బాధ లేదు.

ఫోర్‌కాస్ట్‌కి నేను చూసేది ఇన్‌కాయిస్ సైట్. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1999లో పెట్టారు. ఎత్తు ఒక్కటే చూసి మోసపోవద్దు. 6 సెకన్ల పీరియడ్‌తో ఒక మీటరు అల వేరు, 16 సెకన్లతో ఒక మీటరు అల వేరు. రెండోది ఒడ్డుకొచ్చేసరికి ఇంకా లేస్తుంది, లాగేస్తుంది. కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. గాలి ఉండదు, ఆకాశం ప్రశాంతంగా ఉంటుంది, నీళ్లు మాత్రం మీదికొస్తాయి. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు మెడికల్ స్టూడెంట్స్ అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. మన వయసు వాళ్లు. హెచ్చరిక అంతకు ముందే వచ్చి ఉంది. కాబట్టి అలర్ట్ ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే, పోవద్దు.

ఇంకో మాట. నాయన అడిగిన మొదటి ప్రశ్న "ఈత వచ్చునా నీకు?" అని. రాదు. ఆయన తోట బావిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్నాడు. నేను పుట్టేసరికి ఆ బావిలో తుమ్మచెట్టు మొలిచింది. టౌన్‌లో స్విమ్మింగ్ పూల్‌కి రెండు నెలలు పోయి నేర్చుకున్నాను.

ఆగస్టులో పోయాం. శుక్రవారం సాయంత్రం బెంగళూరు, అక్కడి నుంచి నైట్ బస్సు, శనివారం పొద్దున ఏడుకి నీళ్లలో ఉన్నాం. నేర్పింది ఆ ఊరి జాలర్ల కుర్రాడే. నడుం ఎత్తు అలలు. రెండు గంటల్లో లెక్కలేనన్నిసార్లు పడ్డాను, రెండుసార్లు నిలబడ్డాను. రెండోసారి మూడు సెకన్లు ఉంటుందేమో. అన్న నాలుగు అంటున్నాడు, తన గురించి.

వచ్చే సీజన్‌కి మళ్లీ మూడు శనివారాలు గుర్తు పెట్టుకున్నాం. ఇంకో ఇద్దరికి చోటుంది. ఈత వచ్చినవాళ్లు, బుధవారం రాత్రి పదింటికి "ఈ వారం లేదు" అంటే తిట్టుకోనివాళ్లు నన్ను కలవండి.