చెయ్యి ఒప్పుకోవాలి... చెవి మెచ్చాలి!

పాట వింటున్నప్పుడు మన చెవి ముందుగా గాయని గొంతు వెంట పోతుంది. ఆ తర్వాత వేణువు, వయొలిన్లు. వీటన్నిటికీ అడుగున ‘ధుం... ధుం...’ అంటూ మంద్రస్థాయిలో ఒక నాదం నడుస్తుంటుంది. ఉన్నంతసేపూ దాన్ని పట్టించుకోం. తీసేస్తే మాత్రం పాట ఉప్పు లేని పప్పే! ఆ నాదమే చాలా పాటల్లో బేస్ గిటార్‌ది. ఇళయరాజా పాటల్ని ఓసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పైన పాట పాటే, కింద బేస్ పాడుకునే పాట వేరే అన్నట్టుంటుంది.

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు అవగానే ‘‘అమ్మా, నేను బేస్ గిటార్ నేర్చుకుంటా’’ అంది. ‘‘ఆడపిల్ల అంత బరువు ఎలా మోస్తుందే?’’ అన్నారు మా అత్తయ్యగారు. నిండు బిందె చంకనెత్తుకుని చెరువు నుంచి నడిచొచ్చిన మనిషి ఆవిడ! బేస్ గిటార్ మహా అయితే 3.5 నుంచి 4.5 కిలోలు. బిందెలో సగం కూడా ఉండదు.

కొట్టుకి వెళ్తే అక్కడి అబ్బాయి పిల్లవైపు చూడకుండా నాతోనే అన్నాడు - ‘‘పాపకి చేతులు చిన్నవి మేడమ్. ఇది కష్టం. ఉకులేలే చూపించనా?’’ అని. దాని మొహం చిన్నబోయింది. జాకెట్టు బిగుతైతే కుట్టు విప్పుకుంటాం గానీ చెయ్యి కోసుకుంటామా? చేతులు చిన్నవైతే వాయిద్యం కొలత మార్చుకోవాలి, కోరిక కాదు. ఆ కొలతల సంగతి నేను దాని మాస్టారిని అడిగి, నాలుగైదు కొట్లు తిరిగి తెలుసుకున్నాను.

బేస్ గిటార్‌కు మామూలుగా నాలుగు తీగలు. గిటార్‌లోని లావుపాటి నాలుగు తీగల స్వరాలే, ఒక స్థాయి కింద పలుకుతాయి. ఇది రాకముందు ఆ పని చేసింది మనిషంత ఎత్తున నిలబడే డబుల్ బేస్. దానికి మెట్లు ఉండవు. స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. అమెరికాలో లియో ఫెండర్ 1951లో మెట్లున్న ‘ప్రెసిషన్ బేస్’ తెచ్చాక దాన్ని భుజాన తగిలించుకుని వాయించడం జనానికి అలవాటైంది.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది మోగే తీగ పొడవు. ఎక్కువ బేస్‌లకు ఇది 34 అంగుళాలు. 30 అంగుళాలవీ ఉన్నాయి, వీటిని ‘షార్ట్ స్కేల్’ అంటారు. మెట్ల మధ్య దూరం తక్కువ, తీగ బిగువూ తక్కువ, కాబట్టి చిన్న వేళ్లకు హాయి. నాదం కాస్త గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అవి పిల్లల బొమ్మలనుకోకండి. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ వాయించిన వయొలిన్ ఆకారపు హాఫ్‌నర్, టాకింగ్ హెడ్స్ బృందంలో టీనా వేమత్ వాయించిన మస్టాంగ్ ఈ కోవలోవే.

అలాగని ఆడవాళ్లకు చిన్నదే తగునని కాదు సుమా! 1960లలో లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో వందలాది పాటలకు బేస్ వాయించిన కేరల్ కే చేతిలో ఉన్నది పూర్తి పొడవున్న ప్రెసిషనే. మన ముంబయి అమ్మాయి మోహినీ దే తండ్రి దగ్గరే నేర్చుకుని, ఏ.ఆర్.రెహమాన్ బృందంలోనూ వాయించారు. అందుకే ఎవరి చేతికి ఏది ఒదిగితే అదే.

రెండోది మెడ వెడల్పు. ప్రెసిషన్ తరహావి కాస్త వెడల్పు. 1960లో వచ్చిన ‘జాజ్ బేస్’ తరహావి పైభాగంలో సన్నం. ఈ రెండిటికీ నాదంలోనూ తేడా ఉంది. తీగల కదలికను పట్టి ఆంప్లిఫయర్‌కి పంపే పికప్ ప్రెసిషన్‌లో ఒక్కచోటే ఉంటుంది. దాని నాదం గట్టిగా, నిండుగా పలుకుతుంది. జాజ్‌లో రెండు పికప్‌లు. రెంటినీ కలుపుకుంటూ రకరకాల నాదాలు తెప్పించుకోవచ్చు. బృందంలో పాటకు పునాదిలా నిలవాలంటే మొదటిది, స్వరం స్వరం విడిగా వినపడాలంటే రెండోది బాగుంటాయి.

కొన్నిటిలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకెయ్యకపోతే బ్యాటరీ అయిపోతుంది. తీగల్లోనూ రెండు ముఖ్యమైన రకాలు. గరుకువి ఖంగున మోగుతాయి. నున్నటివి మెత్తగా పలుకుతాయి, వేళ్లకూ సుఖం. అయిదో తీగ ఉన్నవి దొరుకుతాయి గానీ కొత్తవాళ్లకు నాలుగు చాలు.

ఇక కొట్టులో మొహమాటం పనికిరాదు. చీర మడత విప్పి చూడకుండా కొంటామా? కూర్చుని వాయించమనండి, పట్టీ తగిలించుకుని నిలబడి వాయించమనండి. నిలబడ్డాక ఎడమచెయ్యి వదిలేస్తే కొన్నిటి తల కిందికి వాలిపోతుంది. అలాంటిది వద్దు, దాన్ని మోయడంతోనే ఎడమచెయ్యి అలిసిపోతుంది. ప్రతి మెట్టూ నొక్కి చూడాలి. ఎక్కడైనా జరజరమంటే తీగల ఎత్తు సరిచేసి ఇమ్మనాలి. పన్నెండో మెట్టు దగ్గర నొక్కిన స్వరం, వట్టి తీగ స్వరానికి సరిగ్గా పైస్థాయిలో పలకాలి. మెట్ల అంచులు చేతికి గీసుకోకూడదు.

డబ్బంతా వాయిద్యానికే పోసేయకండి. వెడల్పాటి పట్టీకి, కేబుల్‌కి, చిన్న బేస్ ఆంప్లిఫయర్‌కి కొంత అట్టేపెట్టుకోండి. మామూలు గిటార్ ఆంప్లిఫయర్‌లో బేస్ గట్టిగా పెడితే స్పీకరు పాడైపోవచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలున్న ఆంప్లిఫయర్ అయితే పక్కవాటా వాళ్లతో మాటపడక్కర్లేదు!

మా అమ్మాయి ఆరేడు వాయించి చూసి, చివరికి 30 అంగుళాలదే తీసుకుంది. రంగు నాకు నచ్చలేదు. అయితేనేం, వాయించేది నేను కాదు కదా!

మీ ఇంట్లోనూ ఏ అమ్మాయైనా అడిగితే, ‘నీ వల్ల అవుతుందా’ అనకండి. ‘ఏదీ, చేతికెలా ఉందో చూడు’ అనండి. అడిగేది అమ్మాయే కానక్కర్లేదు, అమ్మయినా సరే!